నల్ల తెర ముందు మాస్టారు

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టుకోలేదు. నల్లటి తెర మీద పైన ఒక్క పంక్తి ఉంది: డెబియన్ గ్నూ/లినక్స్ 12, పక్కన నా కంప్యూటర్‌కి నేను పెట్టుకున్న పేరు, ఆ పక్కన టీటీవై1. కింద లాగిన్ అన్న మాట, దాని పక్కన కొట్టుకుంటున్న చిన్న గీత. అంతే. ముందురోజు రాత్రి దాకా అక్కడ కోటప్పకొండ ఫోటో, దాని మీద నా ఫైళ్ల బొమ్మలు ఉండేవి.

"ఈ లాగిన్ రాకముందు తెర ఎన్నిసార్లు మినుకుమందండీ?" అని అడిగారు.

నాలుగైదు సార్లు అన్నాను. వెంట తెచ్చుకున్న పొడుగాటి నోటు పుస్తకంలో తేదీ వేసి, "మినుకు 4–5, తర్వాత అక్షరాల తెర" అని రాసుకున్నారు. ఆఖరిసారి బాగా వచ్చింది ఎప్పుడు, ఆ తర్వాత ఏం చేశాను, ఆపే ముందు అప్‌డేట్ ఏమైనా నడిచిందా, ఈ మధ్య పెట్టె విప్పారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ముందురోజు సాయంత్రం అప్‌డేట్ అయిందని చెప్పాను. రెండు నెలల కిందట వీడియోలు కత్తిరించుకోవడానికి బంధువు ఇచ్చిన పాత ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు పెట్టించానని చెప్పాను. ఆ రెండు మాటల కిందా గీతలు గీశారు.

మాది నరసరావుపేట. మాస్టారు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. క్లాసులో పాఠం చెప్పిన మనిషి కాదు, అయినా ఆ ల్యాబులో పని నేర్చుకున్న పిల్లలందరికీ ఆయన మాస్టారే. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. నేను మూడేళ్లుగా పల్నాటి ఊళ్లు తిరిగి, చెరువుల గురించి పెద్దవాళ్లు చెప్పే సంగతులు రాసుకుంటున్నాను. అవన్నీ ఆ కంప్యూటర్‌లో ఉన్నాయి. వేరేచోట దాచినవి కొన్నే. ఆ ఉదయం బజారు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తెర చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే గంటలో అయిపోద్ది సార్" అన్నాడు. ఆ మాట విన్నాకే మాస్టారి ఇంటికి పరుగెత్తాను.

ఆయన పని చేస్తుంటే పక్కన స్టూలేసుకుని రెండున్నర గంటలు కూర్చున్నాను. వీణ సొరకాయ చెక్కేవాళ్లనీ, మగ్గం మీద తెగిన పోగు అతికేవాళ్లనీ చూసి రాసినవాణ్ణి. అంతటి పనితనమే ఇక్కడ, కంటికి కనిపించే వస్తువు ఏదీ లేకుండా జరిగింది. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని ఈ వ్యాసం.

ఆయన నాకు ముందు నేర్పింది, ఆ నల్ల తెరను చూసి భయపడనక్కర లేదని. లాగిన్ అని అడుగుతోందంటే కంప్యూటర్ చాలా దూరం నడిచి వచ్చినట్టు. మీట నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేచింది. అది డిస్కులో గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును వెతికి పట్టింది. గ్రబ్, వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్‌ని జ్ఞాపకంలోకి ఎక్కించింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ అంటే అసలు ఆ కెర్నలే. కెర్నల్ డిస్కును గుర్తుపట్టి, సిస్టమ్‌డీ అనే మొదటి ప్రోగ్రామును నడిపింది. సిస్టమ్‌డీ మిగతా సర్వీసులను లేపింది. డిస్కు బాగుంది, ఫైళ్ల వ్యవస్థ బాగుంది, కీబోర్డు బాగుంది, పాస్‌వర్డ్ అడగడానికి మనిషి కూడా నిలబడి ఉన్నాడు. నాటకంలో పాత్రధారులంతా వేషాలు కట్టి సిద్ధంగా ఉన్నారు, తెర లాగేవాడొక్కడే రాలేదు. "రాకపోవడానికి కారణం వాడు ఎక్కడో చెప్పే ఉంటాడండీ, మనం వినాలి" అన్నారు మాస్టారు.

టీటీవై అనే ఆ మూడక్షరాలు టెలిటైప్ నుంచి వచ్చినవి. పాత పత్రికాఫీసుల్లో పనిచేసినవాళ్లకు టెలిప్రింటర్ టకటకలు, దాన్నుంచి చించుకొచ్చిన వార్తల కాగితాలు గుర్తుంటాయి. ఆ జాతి యంత్రాన్ని కంప్యూటర్‌కి తగిలించి మాట్లాడిన రోజుల ఆనవాలు అది. డెస్క్‌టాప్ బాగా ఉన్నరోజున కూడా దాని వెనక అలాంటి అక్షరాల తెరలు ఆరు ఉంటాయి. కంట్రోల్, ఆల్ట్‌తో పాటు ఎఫ్1 నుంచి ఎఫ్6 దాకా ఏది నొక్కినా ఒకటి తెరుచుకుంటుంది. ముందు గుమ్మం బిగుసుకుపోతే పెరటి గుమ్మం ఉండాలని అనుకున్నవాళ్లు కట్టిన ఇల్లు ఇది.

నేను పాస్‌వర్డ్ కొట్టాను. చుక్కలు కూడా పడలేదు. "పడుతోందండీ, కనపడదంతే" అన్నారు. లోపలికి వెళ్లాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఎంత చిన్నదో, నాకు అంత నచ్చింది. సిస్టమ్‌సీటీఎల్ గెట్-డీఫాల్ట్ అని కొట్టారు. కంప్యూటర్ ఎక్కడిదాకా వెళ్లాలని ముందే రాసిపెట్టి ఉందో అది చెబుతుంది. గ్రాఫికల్ టార్గెట్ అని జవాబొచ్చింది. మల్టీ-యూజర్ టార్గెట్ అని వచ్చి ఉంటే వ్యవహారమే వేరు. అప్పుడది చెడిపోయినట్టు కాదు, బొమ్మల తెర వద్దని ఎవరో చెప్పినందుకు ఆగినట్టు. ఒక్క ఆజ్ఞతో సరిపోయేది. ఇదివరకటి రెడ్‌హ్యాట్ తరహా వ్యవస్థల్లో 3, 5 అనే అంకెలు ఈ తేడాను చెప్పేవి, ఒక ఫైల్లో 5 బదులు 3 ఉంటే చాలు, డెస్క్‌టాప్ రాదు. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో సిస్టమ్‌డీని తెచ్చాక అంకెల బదులు పేర్లు వచ్చాయి. డెబియన్ 2015 నాటి 8వ విడుదలతో అందులోకి మారింది. రావద్దంటే రాలేదా, రావాలనుకుని రాలేకపోయిందా అన్నది ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. మాది రెండోది. సమస్య సగానికి సగం తెగింది.

రెండో ప్రశ్న, పడిపోయిన సర్వీసులేవి అని. ఒక్కటే వచ్చింది: లైట్‌డీఎం. మనకు పేరు, పాస్‌వర్డ్ అడిగే రంగుల తెరను చూపించేది అదే. నాటకంలో తెర లాగేవాడన్నానే, వాడు. దాని స్థితి అడిగితే అడుగున ఒక వాక్యం కనిపించింది: స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ. మాస్టారు పుస్తకంలో తాను రాసుకున్న మొదటి పంక్తిని నాకు చూపించారు. ఒక సర్వీసు లేవబోయి పడిపోతే సిస్టమ్‌డీ దాన్ని మళ్లీ లేపుతుంది. మామూలు లెక్కలో 10 సెకన్లలో 5 సార్లు లేపి చూసి, ఇక చాలని ఊరుకుంటుంది. నా కంటికి నాలుగైదు మినుకులుగా కనిపించినవి ఆ ఐదు ప్రయత్నాలు. నేను గాబరాలో చూసి మరిచిపోబోయిన సంగతిని ఆయన మొదటి ప్రశ్నగా ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది.

కారణం దగ్గరికి వెళ్లేముందు ఇంకొకటి చూశారు: డిస్కులో జాగా ఉందా. చాలామంది దగ్గర డెస్క్‌టాప్ రాకపోవడానికీ, పాస్‌వర్డ్ కొడితే లోపలికి పోయినట్టే పోయి మళ్లీ పాస్‌వర్డ్ అడగడానికీ కారణం డిస్కు నిండిపోవడమేనట. డెస్క్‌టాప్ లేవగానే మన ఇంటి ఫోల్డర్‌లో చిన్నచిన్న ఫైళ్లు రాసుకుంటుంది, రాయడానికి చోటు లేకపోతే కూలిపోతుంది. ఇక్కడ ఆయన ఆగి చెప్పిన ఒక వివరం నన్ను కదిలించింది. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్కును సిద్ధం చేసినప్పుడు, వేరే చెప్పకపోతే, 5 శాతం జాగా రూట్ అనే సర్వాధికారి కోసం పక్కన పెట్టేస్తారు. 500 జీబీ డిస్కులో దాదాపు 25 జీబీ. మామూలు వాడుకరి ఎంత నింపినా దాన్ని తాకలేడు. అంతా నిండిపోయిన రోజున కూడా బాగుచేయడానికి వచ్చినవాడికి కాలు మోపే చోటు ఉండాలని. మా అమ్మమ్మ గాదెలో విత్తనాల గింజలు వేరే కుండలో కట్టి, ఎంత కరువొచ్చినా ముట్టనిచ్చేది కాదు.

మా డిస్కులో జాగా పుష్కలంగా ఉంది. ఉందని తేలాక ఆయన నా ఫైళ్ల జాబితా తెప్పించారు. అది చూసి నాకు ఊపిరాడలేదు. నేను తెలుగులో పెట్టుకున్న పేర్లన్నిటి చోటా ఒకేలాంటి తెల్ల గళ్లు వరసకట్టి ఉన్నాయి. తేదీల దగ్గర నెల పేర్లు కూడా గళ్లే. మూడేళ్ల పని బూడిదైపోయిందనుకున్నాను. నా ముఖం చూసి ఆయన చేస్తున్న పని ఆపారు.

"అక్షరాలు ఎక్కడికీ పోలేదండీ. ఈ తెరకి తెలుగు రాదు."

లినక్స్ కెర్నల్ నడిపే ఈ అక్షరాల తెర ఒకసారికి 256 ఆకారాలు, మహా అయితే 512 ఆకారాలు మాత్రమే పెట్టుకోగలదు. ఇంగ్లీషుకు అవి ఎక్కువే. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కావాలి. పైగా ఏ గుర్తు ఏ అక్షరం మీద ఎక్కి, ఏది కిందికి దిగుతుందో పేర్చే పనివాడు కావాలి. డెస్క్‌టాప్ మీద ఆ పని చేసే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. ఇక్కడ లేవు. తెలియని అక్షరం వచ్చిన చోటల్లా ఆ తెర ఒక గడి పెట్టి ఊరుకుంటుంది.

మాటతో నమ్మించి వదిలేయవచ్చు. ఆయన చూపించారు. నా మొదటి ఫైలు పేరు 01తో మొదలవుతుంది. తెలుగు పేరు టైపు చేసే వీలు లేదు కనుక 01 పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, హెక్స్‌డంప్ అనే ఆజ్ఞతో ఆ ఫైల్లోని మొదటి 16 బైట్లు ఉన్నవి ఉన్నట్టు చూపమన్నారు. ఒక్క వరస వచ్చింది: ఈ0 బీ0 ఏఈ, ఈ0 బీ0 బీఈ, 20, ఈ0 బీ0 8ఏ, ఈ0 బీ0 బీ0, ఈ0 బీ1 81. పెన్సిలుతో దాన్ని పుస్తకంలోకి ఎక్కించి, మూడేసి బైట్లకు ఒక గీత గీశారు. యూనికోడ్ తెలుగును యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ముందు ఈ0, ఆ తర్వాత బీ0 గానీ బీ1 గానీ. మధ్యలో ఒంటరిగా ఉన్న 20 ఖాళీ. ఏఈ అంటే మ, బీఈ అంటే దీర్ఘం, 8ఏ అంటే ఊ, బీ0 అంటే ర, చివరి 81 కొమ్ము. ఆయన గీతల కింద ఒక్కో అక్షరమే రాశారు.

మా ఊరు.

నా పుస్తకం ఆ రెండు మాటలతోనే మొదలవుతుంది. అచ్చయిన నా పుస్తకాలను చూసినప్పుడు కూడా నాకు అంత ధైర్యం కలగలేదు. ఆయనకు తెలుగు సంకేతాల పట్టిక కంఠతా వచ్చు! ఏళ్ల కిందట ల్యాబులో తెలుగు ఫాంట్లు పెట్టేటప్పుడు వచ్చిన అలవాటట. మిగతా ఫైళ్లు తెరవలేదు. "ఒకటి చూస్తే చాలు, మీ రాతలు మీవి" అన్నారు. తర్వాత సందేశాలు, తేదీలు ఇంగ్లీషులో వచ్చేలా ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చారు, లాగౌట్ అయితే దానంతటది పోయే రకం. నా డెస్క్‌టాప్ మెనూలు తెలుగులో ఉంటాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు ఏళ్ల తరబడి కూర్చుని తెలుగు చేసిన మాటల మేలు నేను రోజూ పొందుతున్నవాణ్ణి. ఆ అమరికను ఆయన చెరపలేదు, కాసేపు పక్కకు జరిపారు.

ఇక అసలు విచారణ. లైట్‌డీఎం ఎందుకు పడిందో తెలియాలంటే అది నిలబడే నేలను చూడాలి. తెర మీద బొమ్మలు గీసే ఆ నేల పేరు ఎక్స్. 1984లో ఎంఐటీలో పుట్టింది, 1987లో 11వ రూపానికి వచ్చింది, ఇప్పటికీ ఆ 11 అంకెనే మోస్తోంది. చాలా కంప్యూటర్లలో దాని స్థానంలోకి వేలాండ్ వచ్చేసింది, నాది ఎక్స్ మీదే నడుస్తోంది. లేచిన ప్రతిసారీ తాను చేసినదంతా ఒక చిట్టా ఫైల్లో రాసుకుంటుంది ఎక్స్. ఆ చిట్టాను ఆయన చదివిన తీరు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

చిట్టాలో ఒక్కో పంక్తి మొదట బ్రాకెట్ల మధ్య రెండు గుర్తులుంటాయి. రెండు ఈలు ఉంటే తప్పు. రెండు డబ్ల్యూలుంటే హెచ్చరిక. రెండు ఐలుంటే ఊరికే సమాచారం. ఇవి చాలామందికి తెలుసు, ఈఈ కోసం వెతికి వదిలేస్తారు. మాస్టారు మిగతావీ చదువుతారు. రెండు అడ్డగీతలుంటే ఆ సంగతిని ఎక్స్ స్వయంగా పరికరాన్ని తడిమి తెలుసుకుందని. రెండు నక్షత్రాలుంటే ఎవరో అమరిక ఫైల్లో రాస్తే నమ్మిందని. రెండు సమాన గుర్తులుంటే ఎవరూ చెప్పకపోతే తనకు ముందునుంచీ ఉన్న అలవాటు ప్రకారం అనుకుందని. రెండు కూడిక గుర్తులుంటే లేపినవాడు ఆజ్ఞలోనే చెప్పాడని. ఏం తెలుసో చెప్పడంతో ఆగక, అది ఎలా తెలిసిందో కూడా ప్రతి పంక్తిలోనూ చెబుతోంది ఈ ప్రోగ్రాము. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయన ప్రమాణాలను నాలుగుగా చెప్పాడు, ప్రత్యక్షం వేరు, శబ్దం వేరు. కళ్లతో చూసినదాన్నీ, ఒకరు చెబితే నమ్మినదాన్నీ కలిపేయకూడదన్న ఆ పట్టింపు ఒక కంప్యూటర్ చిట్టాలో కనిపించేసరికి, ఆ పంక్తులు రాసిన ఇంజినీర్లు ఎక్కడివాళ్లయినా నాకు దగ్గరివాళ్లనిపించారు.

చిట్టా చివర ఉన్న తప్పు: నో స్క్రీన్స్ ఫౌండ్. తెరలేవీ దొరకలేదు. ఇది చూసి మానిటర్ పోయిందని, కేబుల్ పోయిందని కొత్తవి కొనుక్కొచ్చేవాళ్లున్నారు. మాస్టారు అక్కడ ఆగలేదు. "ఆఖరి మాట ఫలితమండీ. కారణం మొదటి మాటలో ఉంటుంది" అంటూ పైకి పోయారు. మొదటి ఈఈ దగ్గర ఆగారు. ఎన్‌విడియా కెర్నల్ మాడ్యూల్‌ను, అంటే ఆ కార్డును నడపడానికి కెర్నల్‌లోకి ఎక్కే ముక్కను, లేపలేకపోయానని ఉంది అక్కడ. దానికి కాస్త పైన రెండు నక్షత్రాల పంక్తి ఒకటి: ఎన్‌విడియా డ్రైవర్‌నే వాడమని అమరిక ఫైల్లో ఉందని. రెండూ పుస్తకంలోకి ఎక్కాయి. నక్షత్రాల పంక్తి పక్కన చిన్న ప్రశ్నార్థకం వేసి, "దీని సంగతి చివర్లో" అన్నారు.

ఈ సమయంలో నేను ఒక ఉచిత సలహా ఇచ్చాను. సుడో స్టార్ట్‌ఎక్స్ అని కొడితే డెస్క్‌టాప్ వచ్చేస్తుందని ఎక్కడో విన్నానన్నాను. ఆయన నవ్వకుండా, ఓపిగ్గా ఎందుకు కొట్టరో చెప్పారు. రూట్ అధికారంతో డెస్క్‌టాప్‌ను లేపితే మన ఇంటి ఫోల్డర్‌లో ఎక్స్‌అథారిటీ వంటి ఫైళ్లు రూట్ పేరున తయారయ్యే ప్రమాదం ఉంది. అలా అయితే రేపు అసలు జబ్బు నయమైనా, మన ఫైలును మనమే తెరవలేక డెస్క్‌టాప్ మళ్లీ తిరగ్గొడుతుంది. ఒక తప్పును వెతుకుతూ ఇంకో తప్పును నాటినట్టవుతుంది. ఆ రెండున్నర గంటల్లో ఆయన కొట్టిన ఆజ్ఞలు ముప్పై దాటవు. వాటిలో దేన్నయినా మార్చినవి నాలుగే. మిగతావన్నీ అడిగి తెలుసుకున్నవి. నేను మెచ్చుకుంటున్న పనితనమంతా ఈ నిష్పత్తిలో ఉంది.

కెర్నల్‌లో ఇప్పుడు ఏయే మాడ్యూళ్లు ఎక్కి ఉన్నాయో చూశారు. ఎన్‌విడియా పేరు లేదు. ఎక్కించి చూశారు, ఆ పేరుగలది ఈ కెర్నల్‌కి మాడ్యూళ్లు దాచే అరలో లేదని జవాబు. అరలు చూశారు, రెండున్నాయి. రెండూ 6.1 వరసవే, తోకలో ఒక అంకె తేడా. ముందురోజు అప్‌డేట్‌లో వచ్చింది కొత్తది. డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టారు. ఒకే పంక్తి వచ్చింది, పాత కెర్నల్ పేరుతో.

"దొరికింది" అనలేదు. పెన్సిలు కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకున్నారు.

లినక్స్ కెర్నల్ తన లోపలి అమరికను మార్చుకునే స్వేచ్ఛను ఎప్పుడూ వదులుకోలేదు. బయటనుంచి వచ్చే మాడ్యూల్ ఏ కెర్నల్ కోసం తయారైతే ఆ కెర్నల్‌లోనే ఇముడుతుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ తయారుచేయాలి. ఆ చాకిరీ తప్పించడానికి డెల్ ఇంజినీర్లు తెచ్చింది డీకేఎంఎస్. మాడ్యూల్ మూలాన్ని దగ్గర పెట్టుకుని, కొత్త కెర్నల్ రాగానే దానికి సరిపడా కుట్టి ఇస్తుంది. కుట్టాలంటే కొలతలు కావాలి. ఆ కొలతల పేరు హెడర్లు, అవి వేరే ప్యాకేజీగా వస్తాయి. కొత్త కెర్నల్ వచ్చింది, దాని హెడర్లు రాలేదు. డీకేఎంఎస్ ఆ సంగతి ఒక పంక్తిలో చెప్పి తప్పుకుంది. ఆ పంక్తి ముందురోజు సాయంత్రం నా కళ్ల ముందే దొర్లిపోయింది.

ఎందుకు రాలేదో కూడా ఆయన విడిచిపెట్టలేదు. కార్డు పెట్టినప్పుడు హెడర్లు ఏ ఆజ్ఞతో తెచ్చారని అడిగారు. పాత ఆజ్ఞల జాబితాలో వెతికితే దొరికింది. ఆ రోజు నడుస్తున్న కెర్నల్ పేరుకు సరిపడే హెడర్లను మాత్రమే తెచ్చుకునే ఆజ్ఞ అది. చాలాచోట్ల అదే రాసి ఉంటుంది, తప్పూ కాదు. ఎప్పటి కెర్నల్‌కి అప్పటి హెడర్లు వెంట రావాలంటే లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అనే ప్యాకేజీ ఉండాలి. మొదటిది ఆ పూటకి పాలు కొనుక్కోవడం. రెండోది పాలవాడికి ఖాతా పెట్టడం.

ఇప్పటికి కారణం తెలిసింది, కానీ అది ఆయన దృష్టిలో ఇంకా ఊహే. రుజువు కావాలి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్నచోట పాత కెర్నల్‌ను ఎంచుకున్నారు. అప్‌డేట్ అయినా డెబియన్ పాతదాన్ని వెంటనే తీసేయదు. కొత్తది కుదరకపోతే వెనక్కి వెళ్లడానికి దారి ఉంచుతుంది. తెర ఒకసారి నల్లబడింది. కోటప్పకొండ వచ్చింది.

నేనైతే అక్కడితో కాఫీ పెట్టించేవాణ్ణి. పెట్టించబోయాను కూడా. "ఇది బాగవడం కాదండీ, పక్కదారిన పోవడం" అన్నారు. కానీ ఆ పక్కదారి ఆయనకు చాలా చెప్పింది. కార్డు బాగుంది, మానిటర్ బాగుంది, నా అమరికలు బాగున్నాయి. రెండు నడకల మధ్య మారింది కెర్నల్ ఒక్కటే. ఆ ఊహను పుస్తకంలో టిక్కు పెట్టి రుజువు కింద మార్చారు.

తర్వాతి పని పది నిమిషాలు పట్టలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమోనని ముందే చూసుకున్నారు. ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు, మళ్లీ ఇదే నల్ల తెర. లేదు. ఆ ఖాతా ప్యాకేజీని తెప్పించారు. కొత్త కెర్నల్ హెడర్లు దిగాయి, దిగగానే డీకేఎంఎస్ తనంతట తానే లేచి కుట్టడం మొదలుపెట్టింది. పెట్టెలో ఫ్యాను హోరెత్తింది. అయ్యాక మళ్లీ స్టేటస్ అడిగితే ఈసారి రెండు పంక్తులు, రెండు కెర్నళ్ల పేర్లతో. కొత్త అరలో మాడ్యూల్ నిజంగా ఉందో లేదో వేరే ఆజ్ఞతో చూసి, అప్పుడు రీస్టార్ట్ చేశారు. కొత్త కెర్నల్ మీద కోటప్పకొండ ఒక్క మినుకు కూడా లేకుండా వచ్చింది.

ప్రశ్నార్థకం పెట్టిన పంక్తి మిగిలింది. ఎన్‌విడియా డ్రైవర్‌నే వాడమని రాసి ఉన్న ఆ అమరిక ఫైలు లేకపోయి ఉంటే, ఎక్స్ తనకు తెలిసిన మిగతా డ్రైవర్లనూ వరసగా ప్రయత్నించేది; మోటుగానో, పెద్ద అక్షరాలతోనో, ఏదో ఒక తెర వచ్చే అవకాశం ఉండేది. ఆ ఫైలు మిగతా తలుపులన్నీ మూసింది. దాన్ని తీసేశారా అంటే, తీయలేదు. పేరు చివర పాతది అనే గుర్తు తగిలించి పక్కన పెట్టారు. డెస్క్‌టాప్‌ను మళ్లీ లేపి చూశారు, వచ్చింది. రెండు మార్పులూ కలిపి ఒకేసారి ఎందుకు చేయలేదని అడిగాను. "కలిపి చేస్తే ఏది పనిచేసిందో మనకు తెలియదు కదండీ" అన్నారు. కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ కూడా తీసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టారు. వచ్చింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి అక్షరాల తెర తెరుచుకుంటోందో లేదో చూసి, ఎఫ్7తో వెనక్కి వచ్చారు.

పుస్తకంలో ఆ పేజీకి నకలు ఒకటి రాసి నాకిచ్చారు. తేదీ, లక్షణం, చూసినవి, మార్చినవి నాలుగు, మార్చినవాటిని వెనక్కి తీసుకోవాలంటే ఏం చేయాలో. డబ్బు తీసుకోలేదు, కాఫీ తీసుకున్నారు. మూడేళ్ల పనిని ఇంకో డిస్కులోకి ఆ సాయంత్రమే ఎక్కించమని గట్టిగా చెప్పారు, ఎక్కించాను.

లేవబోతూ మళ్లీ కూర్చున్నారు.

"ఆ 01 ఫైలు ఒకసారి తెరవండి. ఇందాక 16 బైట్ల దగ్గర ఆపేశాం కదా. మా ఊరు తర్వాత ఏముందో?"

తెరిచాను. కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగి, మూడో మాట నుంచి పైకే చదవడం మొదలుపెట్టారు. చెరువు.